చేపల వేటా, గ్లేసియరా, రెండూ ఒకే బోటులోనా? సూవర్డ్ వెళ్లేవాళ్లు ఏది ఎంచుకోవాలి

అలాస్కా ట్రిప్ వేసుకున్న తెలుగు కుటుంబాల్లో ఒక తగవు తప్పదు. నాన్నకో బావకో గాలం వేసి పెద్ద చేప పట్టాలని ఉంటుంది. అమ్మకీ పిల్లలకీ తిమింగలాలు, గ్లేసియర్ల మంచు గోడలు చూడాలని ఉంటుంది. అలాస్కా తీరంలోని సూవర్డ్ ఊళ్లో ఉండేదేమో ఒక్క రోజు. ఇంతలో ఎవరో ఫోన్లో వెతికి, “చేపల వేట, గ్లేసియర్, రెండూ ఒకే బోటులో చేయిస్తారట” అంటారు. అంతా హమ్మయ్య అనుకుని కార్డు తీస్తారు.

కార్డు తీసే ముందు ఒక్క మాట. కాంబో ట్రిప్ మంచిదే, కానీ అందరికీ కాదు. ఐదారుగురు కలిసి బోటు మొత్తం మాట్లాడుకుని, ఏ చేప పడినా సంతోషమే అనుకునేవాళ్లకి అది బాగా కుదురుతుంది. హాలిబట్ అనే పెద్ద బల్లపరుపు చేప పడితేనే వచ్చినట్టు అనుకునేవాళ్లకి కుదరదు. ఇండియా నుంచి వచ్చిన పెద్దవాళ్లో పసిపిల్లలో ఉన్న కుటుంబానికి అసలే వద్దంటాను. దీనికి కారణం డబ్బు కాదు, గంటలు. ఆ లెక్క ఒకసారి చూస్తే మిగతాది మీకే తేలిపోతుంది.

తూర్పున చేప, పడమరన మంచు

సూవర్డ్ యాంకరేజ్‌కి దక్షిణాన 127 మైళ్ల దూరంలో, రిజరెక్షన్ బే అనే పొడవాటి సముద్రపు పాయ కొసన ఉంటుంది. కారులో రెండున్నర గంటలు. ఊరి వెనక కొండల మీద హార్డింగ్ ఐస్‌ఫీల్డ్ అనే మంచు మైదానం ఉంది. వైశాల్యం 700 చదరపు మైళ్ల పైమాటే. దాన్నించి నలభై దాకా గ్లేసియర్లు కిందికి జారుతుంటాయి. 1980లో ఏర్పడిన కీనై ఫియోర్డ్స్ నేషనల్ పార్క్‌కి ఇదే గుండెకాయ.

అయితే నేరుగా సముద్రంలోకి దిగి, ఫెళఫెళమంటూ ముక్కలు విరిగిపడే గ్లేసియర్లు రిజరెక్షన్ బేలో లేవు. వాటిని చూడాలంటే బే దాటి బయటి సముద్రంలోకి వెళ్లి, ఐయాలిక్ కేప్ చుట్టి, పడమటి వైపున్న ఐయాలిక్ బేలోకి తిరగాలి. ఐయాలిక్ గ్లేసియర్, హోల్‌గేట్ గ్లేసియర్ అక్కడుంటాయి. పెద్ద క్రూజులు ఆరు గంటల టూర్‌లో వీటిలో ఒకదాని దాకా వెళ్లి వస్తాయి. రానూపోనూ నూరు మైళ్లకి అటూఇటూ. ఇంకా లోపల ఉండే నార్త్‌వెస్టర్న్ ఫియోర్డ్‌కి వెళ్లే టూర్ ఎనిమిదిన్నర, తొమ్మిది గంటలు పడుతుంది. నాలుగు గంటల హాఫ్ డే క్రూజులు కూడా ఉన్నాయి కానీ అవి బే దాటవు. బే ముఖద్వారం దగ్గర బేర్ గ్లేసియర్ దూరంగా కనిపిస్తుంది. అది సముద్రంలోకి విరిగిపడే రకం కాదు. బ్రోషర్లో “గ్లేసియర్ వ్యూ” అని చదివి హాఫ్ డే టికెట్లు కొనేవాళ్లు తరచూ కనిపిస్తారు. గ్లేసియర్ కనిపించడం వేరు, దాని ముందు నిలబడటం వేరు.

ఇప్పుడు చేపల సంగతి. సూవర్డ్ నుంచి హాలిబట్ కోసం వెళ్లే బోట్లు చాలావరకు తూర్పుకి, మాంటేగ్ ద్వీపం వైపు వెళ్తాయి. ఒక్క వైపు ప్రయాణానికే రెండు, మూడు గంటలు. పడమట చిజ్‌వెల్ ద్వీపాల చుట్టుపక్కల కూడా హాలిబట్ దొరుకుతుంది. కాకపోతే మంచి చోట్లు దొరకబుచ్చుకోవడానికి కెప్టెన్‌కి తిరిగే టైమ్ కావాలి. కాంబోలో కొరత వచ్చేది సరిగ్గా ఆ టైమ్‌కే.

తొమ్మిది గంటల కాంబో ట్రిప్ లెక్క వేసి చూడండి. దారిలో సీ ఆటర్ల (సముద్రపు నీటిపిల్లుల) దగ్గరా తిమింగలాల దగ్గరా ఆగుకుంటూ గ్లేసియర్ చేరేసరికి రెండున్నర గంటలు. దాని ముందు ముప్పావు గంట. తిన్నగా తిరిగొచ్చినా రెండు గంటలు. ఐదు గంటల పైన అక్కడే అయిపోయాయి. మిగిలినదాంట్లో చేపలున్న చోటికి మళ్లడం, లంగరు వేయడం, అక్కడ పడకపోతే ఇంకో చోటికి పోవడం. చివరికి మీ గాలం నీళ్లలో ఉండేది రెండు గంటలు, మహా అయితే మూడు. పూర్తి రోజు ఫిషింగ్ చార్టర్‌లో (వేటకే అద్దెకి నడిపే బోటులో) నాలుగైదు గంటలు ఉంటుంది.

రెండు గంటలు తక్కువేం కాదు. సరైన చోట, సరైన నెలలో రాక్‌ఫిష్‌కి అరగంట చాలు. ఆగస్టులో సిల్వర్ సాల్మన్ గుంపు తగిలితే గంటలో బోటంతా హడావిడి. హాలిబట్ మాత్రం ఓపిక అడిగే చేప. నూటయాభై, రెండొందల అడుగుల లోతున, అడుగునే పడుకుని ఉంటుంది. రెండు మూడు పౌన్ల సీసం గుండు కట్టి గాలం దించాలి. పోటు ఉధృతంగా ఉంటే గుండు అడుగున నిలవదు, పోటు తగ్గేదాకా ఎదురుచూడాలి. మీ కాంబో బోటు పోటు చూసుకుని రాదు, గ్లేసియర్ నుంచి తిరిగొచ్చే టైమ్‌కి వస్తుంది.

అడగకపోతే చెప్పని రూల్స్

హాలిబట్ చార్టర్లకి ఫెడరల్ పర్మిట్ ఉండాలి. 2011 నుంచి ఈ పర్మిట్లు పరిమిత సంఖ్యలోనే ఉన్నాయి. కొత్తగా బోటు కొన్నవాడికి పర్మిట్ దానంతటదే రాదు, ఉన్నవాళ్ల దగ్గర కొనుక్కోవాలి. అందుకే కొన్ని కాంబో బోట్లు సాల్మన్, రాక్‌ఫిష్ మాత్రమే పట్టిస్తాయి. ప్రకటనలో “ఫిషింగ్” అని ఉంటుంది, ఏ చేపో ఉండదు. ఫోన్ చేసినప్పుడు మొదటి ప్రశ్న ఇదే కావాలి: మీ బోటుకి హాలిబట్ పర్మిట్ ఉందా, ఈ ట్రిప్‌లో హాలిబట్ పడతామా?

రెండోది, వారంలో ఏ రోజు అన్నది. చార్టర్ బోటులో వెళ్లేవాళ్లకి సొంత బోటు ఉన్నవాళ్లకంటే రూల్స్ గట్టిగా ఉంటాయి. సూవర్డ్ ఉన్న ప్రాంతంలో కొన్నేళ్లుగా వారంలో కొన్ని రోజులు చార్టర్ బోట్లలో హాలిబట్ ఉంచుకోనివ్వడం లేదు. చాలా సీజన్లలో అది బుధవారం. ఏ రోజులు, రోజుకి ఎన్ని, రెండో చేప ఎంత పొడవు దాటకూడదు అన్నవి ఏటా మారతాయి, సీజన్ ముందు ప్రకటిస్తారు. మీకు కుదిరేది బుధవారమే అయితే హాలిబట్ ఆశ పక్కన పెట్టి ఆ రోజు కాంబోకో క్రూజుకో వెళ్లండి. ఆ రోజుల్లో హాలిబట్ బోట్లు ఎలాగూ సాల్మన్‌కీ రాక్‌ఫిష్‌కీ మళ్లుతాయి కాబట్టి కాంబోలో మీరు కోల్పోయేది పెద్దగా ఉండదు.

లింగ్‌కాడ్ అని ఒకటుంది. పెద్ద నోరు, చూడ్డానికి భయంకరం, రుచి అమోఘం. దాని సీజన్ జూలై 1న మొదలవుతుంది. జూన్‌లో వెళ్లి లింగ్‌కాడ్ అడిగితే కెప్టెన్ నవ్వుతాడు. సిల్వర్ సాల్మన్ జూలై సగం నుంచి సెప్టెంబర్ మొదట్లోదాకా. సూవర్డ్ సిల్వర్ సాల్మన్ డెర్బీ అనే చేపలు పట్టే పోటీ 1956 నుంచి ఆగస్టులో జరుగుతోంది. ఆ రోజుల్లో ఊళ్లో గది దొరకడం కష్టం. మే, జూన్‌లలో బేలోకి కింగ్ సాల్మన్ వస్తాయి, వాటికి లైసెన్స్ పైన వేరే స్టాంప్ కొనాలి.

లైసెన్స్ బోటు టికెట్‌లో కలిసి ఉండదు. అలాస్కాలో నివాసం లేనివాళ్లకి ఒక రోజుది 15 డాలర్లు, మూడు రోజులది 30. టెక్సస్ నుంచి వచ్చినా తెనాలి నుంచి వచ్చినా ఒకటే రేటు. పదహారేళ్లలోపు పిల్లలకి అక్కర్లేదు. అలాస్కా ఫిష్ అండ్ గేమ్ శాఖ వెబ్‌సైట్లో ముందు రోజు రాత్రే కొనుక్కోండి. పొద్దున్నే రేవులో సిగ్నల్ కోసం ఫోన్ పైకెత్తి తిరగడం ఎందుకు?

ఆరుగురి బోటు, నూటయాభై మంది ఓడ

కాంబో ట్రిప్పులు ఎక్కువగా “సిక్స్ ప్యాక్” బోట్లలో జరుగుతాయి. కోస్ట్ గార్డ్ రూల్ ప్రకారం వీటిలో ఆరుగురు ప్రయాణికుల కంటే ఎక్కువ ఎక్కకూడదు. చంకలో పాపాయి కూడా ఒక మనిషే. అత్తామామలు, అమ్మానాన్నలు, మీరిద్దరు, ఒక బుజ్జి కలిస్తే ఏడుగురు అవుతారు. ఒకరు దిగాలి, లేదా రెండో బోటు కావాలి. ఇలా రేవు మీద తెలిసి దిగాలుపడ్డ కుటుంబాలున్నాయి.

దీనికే ముడిపడిన ఇంకో విషయం: చేపలు పట్టకుండా ఊరికే కూర్చునేవాళ్లకి కూడా సీటు సీటే. ఆ సీటులో ఇంకో వేటగాడిని ఎక్కించుకోవచ్చు కాబట్టి చాలామంది ఓనర్లు పూర్తి రేటో, నామమాత్రం తగ్గించిన రేటో తీసుకుంటారు. కాంబో రేటు ఈ మధ్య సీజన్లలో మనిషికి సుమారు 350 నుంచి 450 డాలర్ల మధ్య నడుస్తోంది. ఆరు గంటల పెద్ద క్రూజు 200 డాలర్ల చుట్టుపక్కల. శాకాహారి అయిన అమ్మకి తిమింగలం చూపించడానికి 400 పెట్టి, ఆ పైన రెండు గంటలు చేపల నెత్తురు పక్కన కూర్చోబెట్టడం న్యాయం కాదు. వేటలో పట్టిన చేపని డెక్ మీదే కర్రతో కొట్టి చంపుతారు, పెద్ద హాలిబట్‌ని కొక్కెంతో లాగుతారు. ఇది చూడలేనివాళ్లు ఉంటారు. పిల్లల్లో కొందరు కేరింతలు కొడతారు, కొందరు రోజంతా ఏడుస్తారు. మీవాళ్లు ఏ రకమో మీకే తెలియాలి.

పెద్ద క్రూజు ఓడలో వెచ్చటి క్యాబిన్ ఉంటుంది, కిటికీ పక్కన టేబుల్ ఉంటుంది, శుభ్రమైన టాయిలెట్లు ఉంటాయి, భోజనం పెడతారు. కొన్నిటిలో నేషనల్ పార్క్ రేంజర్ మైకులో వివరిస్తారు. పఫిన్ పక్షి రెక్కలతో నీళ్లలో ఎలా ఈదుతుందో, ఈ ఓర్కాలు చేపలు తినే గుంపా లేక సీళ్లని వేటాడే గుంపా అన్నది చెప్పేవాళ్లుంటే చూపే మారిపోతుంది. చిన్న బోటులో టాయిలెట్ ఒకటి ఉంటే ఉంటుంది, కొన్నిటిలో అది ఒక మూల బకెట్టు స్థాయిదే. తలుపు ఉన్న టాయిలెట్ ఉందా అని సిగ్గుపడకుండా అడగండి. తొమ్మిది గంటల ప్రయాణంలో ఆడవాళ్లకీ షుగర్ ఉన్న పెద్దవాళ్లకీ దీన్ని మించిన విషయం లేదు.

చిన్న బోటు గొప్పతనాలు చిన్న బోటుకున్నాయి. నీటికి దగ్గరగా ఉంటారు. సీ ఆటర్ వెల్లకిలా తేలుతూ గుల్లని పొట్ట మీద రాయికేసి కొట్టుకుంటుంటే ఇంజిన్ ఆపి పావుగంట చూస్తూ ఉండవచ్చు. పెద్ద ఓడకి టైమ్‌టేబుల్ ఉంటుంది, రెయిలింగ్ దగ్గర ఫోన్లు పట్టుకున్న జనం ఉంటారు. కానీ గ్లేసియర్ ముందు మాత్రం పెద్ద ఓడదే పైచేయి. ఐయాలిక్ గ్లేసియర్ దాదాపు మైలు వెడల్పున్న మంచు గోడ. విరిగిపడిన ముక్కలతో నీళ్లు నిండిపోయినప్పుడు గట్టి ఓడ మెల్లగా వాటిని తోసుకుంటూ ముందుకి వెళ్తుంది. చిన్న అల్యూమినియం బోటు కెప్టెన్ ప్రొపెల్లర్ చూసుకోవాలి కాబట్టి ఇంకా వెనకే ఆగిపోతాడు. ఏ బోటైనా గోడ మొదట్లోకి పోదు. బిల్డింగంత ముక్క పడితే లేచే అల అంతింత కాదు.

“వైల్డ్‌లైఫ్” అనే మాటకి ఎక్కువ డబ్బు ఇవ్వకండి. ఫిషింగ్ చార్టర్ వెళ్లే దారిలోనూ సీ ఆటర్లు, రాళ్ల మీద స్టెల్లర్ సీ లయన్లు, పఫిన్లు, అదృష్టం బాగుంటే హంప్‌బ్యాక్ తిమింగలాలు కనిపిస్తాయి. ఎదురుగా తిమింగలం లేస్తే ఏ కెప్టెనైనా బోటు ఆపుతాడు. హంప్‌బ్యాక్‌కి 100 గజాల లోపు వెళ్లకూడదన్న చట్టం అందరికీ ఒకటే. కాబట్టి కాంబోలో మీరు అదనంగా కొనేది నిజానికి గ్లేసియర్ ఒక్కటే. ఆ ముప్పావు గంట కోసం రెండు గంటల వేట వదులుకోవడం మీకు ఇష్టమేనా అన్నదే అసలు ప్రశ్న.

సముద్రం ఎలా ఉంటుంది

రిజరెక్షన్ బే లోపల నీళ్లు చెరువులా ఉంటాయి. ఐయాలిక్ కేప్ దగ్గర గల్ఫ్ ఆఫ్ అలాస్కా అలలు నేరుగా వచ్చి తగులుతాయి. గాలి ఉన్న రోజు అక్కడ పెద్ద ఓడ కూడా ఊగుతుంది. ఆరుగురి బోటు ఎగిరి పడుతుంది. దానికి తోడు వేట కోసం బోటు ఆపి నిలబెట్టినప్పుడు ఊగుడు ఇంకా ఎక్కువ. కదిలే బోటులో బాగానే ఉన్నవాళ్లు లంగరు వేశాక రెయిలింగ్ పట్టుకుంటారు. డీజిల్ పొగ, ఎర చేపల వాసన కలిసి చేసే పని చెప్పక్కర్లేదు.

ఆరుగురిలో ఒకరికి వాంతులు మొదలైతే ఆ రోజు ఆరుగురిదీ పాడైనట్టే. ఒడ్డుకి తిప్పమంటే తిప్పుతారు, డబ్బు వెనక్కి రాదు. వాతావరణం బాగాలేక కెప్టెనే రద్దు చేస్తే మాత్రం చాలామంది పూర్తిగా తిరిగిచ్చేస్తారు. మెక్లిజిన్ లాంటి మాత్ర ముందు రోజు రాత్రి ఒకటి, పొద్దున ఒకటి వేసుకుంటే పనిచేస్తుంది, కడుపులో తిప్పడం మొదలయ్యాక వేసుకుంటే పనిచేయదు. పెద్దవాళ్లు తాము వాడే మందులతో సరిపడుతుందో లేదో డాక్టర్ని అడగాలి. ఇండియా నుంచి తెచ్చుకున్న అవోమిన్ కూడా పనికొస్తుంది కానీ నిద్ర ముంచుకొస్తుంది. గ్లేసియర్ ముందు గురక పెట్టిన మామయ్యలున్నారు.

ప్రయాణం పడనివాళ్లు ఇంట్లో ఉంటే సూవర్డ్ వదిలేసి విట్టియర్ చూడండి. యాంకరేజ్‌కి ఇంకా దగ్గర. ప్రిన్స్ విలియమ్ సౌండ్ చుట్టూ ద్వీపాలు కాపు కాస్తుంటాయి కాబట్టి నీళ్లు చాలా ప్రశాంతం. గ్లేసియర్లు కూడా ఎక్కువ. తిమింగలాలు, పఫిన్లు మాత్రం సూవర్డ్ వైపే బాగా కనిపిస్తాయి. విట్టియర్‌కి వెళ్లే రెండున్నర మైళ్ల సొరంగం ఒకే వరుస దారి, రైలుకీ కార్లకీ అదే. ఊళ్లోకి అరగంటకోసారి కాదు, గంటకి ఒక్కసారే వదులుతారు. ఆ టైమ్ తప్పితే బోటు కూడా తప్పుతుంది.

హాలిబట్ మీద మాత్రమే మనసున్నవాళ్లు హోమర్ వెళ్లాలి. సూవర్డ్ కంటే దూరం, సూవర్డ్‌లో లాంటి గ్లేసియర్ క్రూజు లేదు, కానీ హాలిబట్ రాజధాని అని చెప్పుకునే ఊరు అది, ఆ మాట నిలబెట్టుకుంటుంది.

ఎవరికి ఏది

రైల్లో పొద్దున 6:45కి యాంకరేజ్‌లో బయల్దేరి అదే రోజు తిరిగొచ్చేవాళ్లకి చర్చే లేదు. రైలు సూవర్డ్ చేరేసరికి పదకొండు దాటుతుంది, సాయంత్రం ఆరుకి తిరుగు. చార్టర్లూ కాంబోలూ తెల్లవారుజామున ఆరు, ఏడింటికే రేవు వదులుతాయి. మీకు సరిపోయేది ఆ రైలు టైమ్‌కి తగ్గట్టు నడిపే ఆరు గంటల క్రూజు ఒక్కటే. రైలు ప్రయాణం కూడా చూడదగ్గదే.

రెండు రోజులు ఉన్నవాళ్లు రెండూ విడిగా చేయండి. ముందు వేట, తర్వాత క్రూజు అన్న వరుస పెట్టుకోండి. వాతావరణం బాగాలేక వేట రద్దయితే మర్నాటికి మార్చుకునే అవకాశం ఉంటుంది. పెద్ద క్రూజులు అంత తేలిగ్గా రద్దు కావు. ఇంకో పద్ధతి నాకు అన్నిటికంటే నచ్చుతుంది: కుటుంబాన్ని విడగొట్టండి. చేపల పిచ్చి ఉన్న ఇద్దరు పూర్తి రోజు చార్టర్‌లో రెండు సీట్లు కొనుక్కుంటారు, మిగతావాళ్లు పెద్ద క్రూజు ఎక్కుతారు. సాయంత్రం రేవు మీద అందరూ కలుస్తారు. ఆరుగురికి కాంబో కొన్నదానికంటే ఖర్చు బాగా తగ్గుతుంది, ఎవరికీ సగం సగం అనిపించదు. కుటుంబమంతా కలిసి ఉండటానికేగా వచ్చింది అనేవాళ్లుంటారు. నిజమే. అయితే తొమ్మిది గంటలు ఒకే చిన్న బోటులో చలికి ముడుచుకుని కూర్చోవడం కలిసి ఉండటంలో లెక్కకి వస్తుందా అన్నది ఆ సాయంత్రం అడగండి.

ఇక కాంబో ఎవరికి? ఒకే ఈడు స్నేహితులు ఐదారుగురు ఉండి, అందరూ కాస్తో కూస్తో గాలం పట్టుకునేవాళ్లై, జూలై ఆఖరులోనో ఆగస్టులోనో వెళ్తుంటే అంతకంటే మంచి రోజు సూవర్డ్‌లో లేదు. సిల్వర్ సాల్మన్, రాక్‌ఫిష్ దారిలోనే దొరుకుతాయి కాబట్టి గ్లేసియర్‌కీ వేటకీ పోటీ తగ్గుతుంది. పదేళ్లు దాటిన, వాన పడినా గొణగని పిల్లలున్న నలుగురి కుటుంబానికీ బాగానే ఉంటుంది. బోటు మొత్తం మీదే అయితే ఇంకా మేలు. ఖర్చు రెండు వేల డాలర్లు దాటుతుంది, కానీ “తిమింగలాలు చాలు, ఇంకో గంట గాలం వేద్దాం” అని మధ్యలో మాట మార్చుకోవచ్చు. సీట్లు విడిగా కొన్నప్పుడు పక్కనున్న నలుగురు హాలిబట్ అంటుంటే మీ గ్లేసియర్ టైమ్ తగ్గిపోతుంది. అది గొడవ కూడా కాదు, లెక్క.

ఫోన్‌లో కెప్టెన్‌ని హాలిబట్ పర్మిట్, టాయిలెట్ గురించి ఎలాగూ అడుగుతారు. దానితోపాటు ఏ గ్లేసియర్ ముందు ఆపుతారో పేరు చెప్పించుకోండి. బేర్ గ్లేసియర్ అన్నాడంటే అది కాంబో కాదు, వేట మధ్యలో ఒక చూపు. “గాలం నీళ్లలో ఎంతసేపు” అన్నదానికి సూటిగా గంటల్లో జవాబు వస్తే మంచి మనిషి. “అదంతా ఆ రోజు చూద్దాం” అంటే సముద్రం మీద అది నిజమే అయినా, కనీసం ఇంత అని ఒక అంకె అడగండి. అలలు ఎక్కువగా ఉండి కేప్ దాటలేకపోతే ఏం చేస్తారో కూడా అడగండి. బే లోపలే సాల్మన్ పట్టించి పూర్తి డబ్బు తీసుకునేవాళ్లున్నారు, గ్లేసియర్ వాటా తగ్గించేవాళ్లున్నారు. ముందే తెలిస్తే టెన్షన్ ఉండదు.

వెళ్లే రోజు

జూలైలో కూడా రేవు దగ్గర పదిహేను డిగ్రీలు దాటితే ఎండాకాలం వచ్చినట్టే. గ్లేసియర్ మీద నుంచి దిగే గాలికి ఇంకా చలి. చీర మీద స్వెటర్ వేసుకుని వచ్చే అమ్మలకి లోపల థర్మల్, పైన వాన ఆగే జాకెట్ తప్పనిసరి. జీన్స్ తడిస్తే ఆరవు. రబ్బరు బూట్లు కొన్ని బోట్ల వాళ్లే ఇస్తారు, సైజులు ముందే చెప్పాలి.

చిన్న బోటులో భోజనం మీరే తెచ్చుకోవాలి. పులిహోర సముద్రం మీద బాగా నిలుస్తుంది, పెరుగన్నం అలల్లో వద్దు. అరటిపండ్లు మాత్రం హోటల్లోనే తినేసి రండి. బోటులో అరటిపండు ఉంటే చేపలు పడవని అక్కడి వేటగాళ్ల నమ్మకం. కొందరు సరదాగా అంటారు, కొందరు నిజంగానే మొహం మాడ్చుకుంటారు. శకునాల సంగతి మనకి కొత్త కాదు కదా.

డెక్‌హ్యాండ్‌కి టిప్ ఇవ్వడం అక్కడి మర్యాద. టికెట్ ధరలో 10 నుంచి 20 శాతం లెక్కలో ఉంచుకోండి. ఎర గుచ్చేది, చిక్కు విప్పేది, రేవుకొచ్చాక చేపల్ని ముల్లు లేకుండా కోసి ఇచ్చేది ఆ కుర్రాడో అమ్మాయో. లోతు నుంచి లాగిన రాక్‌ఫిష్‌ని వదిలేయాల్సి వస్తే మళ్లీ అడుగుకి దించే సాధనం ప్రతి బోటులో ఉండాలని 2020 నుంచి రూల్. పైకి లాగేసరికి దాని గాలితిత్తి ఉబ్బిపోతుంది, ఊరికే వదిలితే తేలిపోయి చస్తుంది. ఎలా దించుతారో చూపించమని అడగండి, పిల్లలకి బాగా నచ్చుతుంది. ఈ రాక్‌ఫిష్‌ని హాలిబట్ ముందు ఎవరూ పట్టించుకోరు కానీ పులుసుకి నా ఓటు దానికే. హాలిబట్ ముక్క పులుసులో పొడిపొడి అవుతుంది, వేపుడుకి వాడండి.

కోసిన మాంసాన్ని ఊళ్లోనే పౌనుకింత చొప్పున తీసుకుని వాక్యూమ్ ప్యాక్ చేసి గడ్డకట్టించి ఇస్తారు. మర్నాటికి గానీ సిద్ధం కాదు. కాబట్టి సాయంత్రమే యాంకరేజ్ తిరిగెళ్లేవాళ్లు ఐస్ పెట్టెలో పచ్చి చేప తీసుకెళ్లాలి, లేదా కొరియర్ ఖర్చు భరించాలి. విమానంలో 50 పౌన్లలోపు పెట్టెగా చెక్ ఇన్ చేయవచ్చు, అలాస్కా విమానాశ్రయాల్లో ఇది రోజూ చూసే దృశ్యమే. డ్రై ఐస్ వేస్తే మనిషికి రెండున్నర కిలోల లోపే, పెట్టె మీద రాసి కౌంటర్లో చెప్పాలి. క్రూజ్ షిప్ ఎక్కబోయేవాళ్లు పచ్చి చేప ఓడలోకి తేలేరు. వాళ్లకి కొరియర్ ఒక్కటే దారి. కొరియర్ ఖర్చు విన్నాక చేప పట్టి ఫొటో దిగి, మాంసం డెక్‌హ్యాండ్‌కి ఇచ్చేసి వెళ్లేవాళ్లు కూడా ఉన్నారు. వేటలో పట్టిన చేపని అమ్మడం మాత్రం చట్టవిరుద్ధం.